మురుగు నుంచి తీసిన గ్యాసు మీద అన్నం వండితే తప్పేంటి?

ధవళేశ్వరం వైపు కాలువ గట్టు మీద పొద్దున్నే నడవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఈ వేసవి వెళ్ళి వానలు మొదలయ్యాక ఒకరోజు అలా వెళ్తుంటే, సెప్టిక్ ట్యాంకులు తోడే బండి ఒకటి గట్టు పక్కన ఆగి కనిపించింది. దాని వెనక నుంచి లావుపాటి గొట్టం కాలువలోకి వేలాడుతోంది. ఏ ఇంటిదో ఏమో, మలమంతా నల్లగా, చిక్కగా నీళ్ళలోకి దిగిపోతోంది. ఆ నీరే దిగువన ఎన్ని ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటయ్యా ఈ పని? బుద్ధుందా?" అని అరిచాను. డ్రైవరు పారిపోలేదు, ఎదురు తిరగలేదు. "ఇంకెక్కడ పొయ్యమంటారో చెప్పండి మేడంగారూ, అక్కడే పోస్తాను" అన్నాడు. హైస్కూల్లో పిల్లలకు జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఆ ప్రశ్న మోసుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ కోపంతోనే ఈ ప్రయాణం మొదలైంది. కనిపించినవాళ్ళనల్లా అడిగాను. చివరికి రామచంద్రపురంలో పనిచేసే నా స్నేహితురాలు ఒక సంగతి చెప్పింది. అక్కడికి దగ్గర్లో ఒక యార్డు ఉందట. చుట్టుపక్కల ట్యాంకర్లన్నీ తెచ్చిన సరుకు అక్కడ దించుతాయట. దాన్నుంచి గ్యాసు తీసి, ఆ గ్యాసుతోనే ఒక బండి నడుపుతున్నారట. యార్డు చూసుకునే ఇంజనీరు భార్గవి నంబరు కూడా ఇచ్చింది. ఫోన్ చేసి ఆదివారం రావచ్చా అని అడిగితే భార్గవి నవ్వింది. "సూక్ష్మజీవులకి ఆదివారం సెలవుండదండి, అంచేత నాకూ ఉండదు. రావులపాలెం అరటి మార్కెట్టు దగ్గరికి వచ్చేయండి, మా బండి అక్కడికే వస్తుంది. అందులో ఎక్కేయండి. ఒక్కటేనండి, మీ బ్లాగులో మా ఊరి పేరు మాత్రం రాయొద్దు" అంది. ఎందుకని అడిగితే, వచ్చాక మీకే తెలుస్తుందంది. అందుకే ఇందులో ఆ ఊరి పేరు ఉండదు. వెళ్ళాలనుకునేవాళ్ళు కింద కామెంట్లలో అడిగితే, భార్గవిని కనుక్కుని దారి చెబుతాను.

రాజమండ్రి బస్టాండులో ఆరున్నర ప్రాంతంలో రావులపాలెం బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు లేదు. మగవాళ్ళకైతే అరవై రూపాయల లోపే అవుతుంది. ఆదివారం పొద్దున్న హైవే ఖాళీగా ఉంటుంది కాబట్టి గంటలోపే దిగిపోవచ్చు. జొన్నాడ వంతెన మీద గౌతమి ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా ఉంది. కిటికీ పక్క సీటు కోసం ఎడమా కుడీ వెతుక్కోకండి, వరద రోజుల్లో రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది. రావులపాలెంలో దిగగానే పండిన అరటి వాసన ముక్కుకు తగులుతుంది. గెలలు సైకిళ్ళ మీద, ట్రాక్టర్ల మీద దిగుతూనే ఉన్నాయి. మార్కెట్టు వెనక, చితికిపోయిన పళ్ళనూ కుళ్ళిన అరటి అత్తాలనూ ఒక చిన్న ట్రక్కులోకి ఎక్కిస్తున్న మనిషి కనిపించాడు. అతనే నూకరాజు. యార్డు బండి నడుపుతాడు.

"టీచరుగారేనాండి? ఎక్కండి. వాసన మాత్రం అరటిపళ్ళదేనండి, బండిది కాదు" అన్నాడు ముందే. నిజంగానే బండికి ఏ వాసనా లేదు. మామూలుగా బంకులో గ్యాసు పోయించుకుని తిరిగే ట్రక్కే అది. సిలిండర్లో ఉన్నది మాత్రం యార్డులో తయారైన గ్యాసు. ఉత్త మురుగుతో తక్కువ గ్యాసు వస్తుందనీ, కుళ్ళిన పళ్ళు కలిపితే ఎక్కువ వస్తుందనీ, అందుకే రోజూ మార్కెట్టుకు వస్తాననీ చెప్పాడు. మార్కెట్టులో హమాలీలు మాత్రం దీన్ని 'దొడ్డి బండి' అంటారు. మేము కదులుతుంటే వెనక నుంచి ఎవరో అరిచి నవ్వారు కూడా. నూకరాజు అద్దంలోంచి చూసి ఊరుకున్నాడు. "మొదట్లో కొట్టాటకి దిగేవోడినండి. ఇప్పుడు ఇనపడనట్టు ఎల్లిపోతున్నాను" అన్నాడు.

మళ్ళీ వంతెన దాటి జొన్నాడ సెంటర్లో టీ కోసం ఆగాం. బండి ఇంకా పూర్తిగా ఆగకముందే టీ కొట్టాయన చెయ్యి ఊపుతూ బయటికి వచ్చాడు. "నూకరాజూ, అల్లంత దూరంలో పెట్టు బాబూ. ఇక్కడ పెడితే నా గిరాకీ పోద్ది" అన్నాడు. నూకరాజు బండిని దూరంగా తీసుకెళ్ళి పెట్టి, నడుచుకుంటూ వచ్చాడు. నేను ఆ కొట్టు చుట్టూ చూశాను. పొయ్యి పక్కనే మూత లేని డ్రైను. నాలుగిళ్ళ మరుగుదొడ్ల గొట్టాలు తిన్నగా అందులోకే దిగుతున్నాయి. ఈగలు అక్కడి నుంచి లేచి గ్లాసుల మీద వాలుతున్నాయి. ఇదేంటండీ మరి అని టీ కొట్టాయన్ని అడిగాను. ఆయన డ్రైను వైపు, నా వైపు చూసి, "అది ఎప్పట్నుంచో ఉన్నదేనండి" అన్నాడు. ఎప్పట్నుంచో ఉన్నది కాబట్టి దానికి వాసన లేదన్నమాట! టీ పది రూపాయలు. నేను సగమే తాగాను.

ఆలమూరు మీదుగా వరి ఊడ్పులైన చేల మధ్య ముప్పావు గంట ప్రయాణం. రోడ్డు బాగానే ఉంది. వానలప్పుడు సొంత కారులో వెళ్ళేవాళ్ళు కాలువ గట్టు దారి పట్టకుండా మెయిన్ రోడ్డు మీదే ఉండడం మంచిది. యార్డు ఊరి చివర ఉంది. బయట నుంచి చూస్తే చిన్న రైసు మిల్లు అనుకుంటాం. భార్గవికి ముప్పై ఏళ్ళుంటాయేమో. తలకు తువాలు చుట్టుకుని, గమ్ బూట్లు వేసుకుని ఎదురొచ్చింది. నాకూ ఒక జత ఇచ్చింది. ట్యాంకర్లు సరుకు దించే తొట్టి, అందులోంచి గుడ్డలూ ప్లాస్టిక్కూ ఇసుకా వేరుచేసే జల్లెడలూ, ఆ తర్వాత గాలి చొరబడకుండా మూసిన పెద్ద గుండ్రటి ట్యాంకూ వరసగా చూపించింది. ఆ ట్యాంకులో గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు ఆ మురుగును తిని గ్యాసు వదులుతాయి. దాన్ని నీళ్ళతో కడిగి, ఇనుప రజను గుండా పంపి శుభ్రం చేసి, గట్టిగా ఒత్తిడి పెట్టి సిలిండర్లలో నింపితే బండి నడుస్తుంది. కొంత గ్యాసు అక్కడే బాయిలర్లో మండుతుంది. ఆ వేడినీళ్ళే గొట్టాల్లో తిరిగి, వానల్లోనూ చలికాలంలోనూ ట్యాంకును వెచ్చగా ఉంచుతాయి. మిగిలిన మడ్డిని కూడా ఆ వేడితోనే క్రిములు చచ్చేదాకా ఉడికించి, ఎండబెట్టి ఎరువు చేస్తారు. ఎరువు కుప్ప దగ్గర నిలబడితే తొలకరి మట్టి వాసన తప్ప మరేదీ తగల్లేదు. బోర్డు మీద ఏళ్ళ తరబడి బొమ్మ గీసి చెప్పిన పాఠాన్ని కళ్ళతో చూడడం అదే మొదటిసారి. నాకు నిజంగా పండగలా అనిపించింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. యార్డు మూలన ఒక పొడవాటి ఇనుప గొట్టం, దాని కొసన పట్టపగలు రెపరెపలాడుతూ మంట. "అదేంటమ్మా?" అన్నాను. "మిగిలిపోయిన గ్యాసండి. ఊరికే గాల్లోకి వదిలితే పొగకన్నా ప్రమాదం, అంచేత తగలబెట్టేస్తున్నాం" అంది భార్గవి. ఆ మంట వైపు చూడకుండానే చెప్పింది. గోడకు అవతల ఒక ఆడపిల్లల హాస్టలుంది. కూలి పనులకు వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం అక్కడి చర్చివాళ్ళు నడుపుతున్నది. గోడ కిందుగా అక్కడి వంటింటికి పైపు వేసి, చాలా నెలలు గ్యాసు ఊరికే ఇచ్చారు. ఈలోగా హాస్టల్లో ఏదో కార్యక్రమానికి వచ్చిన ఒక అతిథి పొయ్యిని వీడియో తీసి, 'పిల్లలకు దొడ్డి గ్యాసుతో భోజనం' అని ఊరి పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. హాస్టలు కమిటీవాళ్ళు వెంటనే పైపుకు తాళం వేయించారు. అంతే. గోడకు ఇవతల గ్యాసు ఊరికే మండిపోతోంది. అవతల వానకు తడిసిన సరుగుడు కట్టెల మీద వంట. "ఇవాళ ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటోందండి, నన్నూ రమ్మన్నారు. మీరూ రండి, టీచరుగారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అంది భార్గవి. చెప్పకుండా ఎలా ఉంటాను?

మేము వెళ్ళేసరికి పిల్లలు చర్చి నుంచి వచ్చి వరండాలో కూర్చున్నారు. హాలులో ఇద్దరు పెద్దలున్నారు. ఒకరు సంఘ పెద్ద జ్ఞానరత్నంగారు, రిటైరైన హెడ్మాస్టరు. ఇంకొకరు సూర్రావుగారు. ఆయన సంఘస్తుడు కాదు. కొబ్బరితోటలూ వరి చేలూ ఉన్న ఆసామి. పంట పంటకూ హాస్టలుకు బియ్యం ఇస్తారు కాబట్టి కమిటీలో ఆయనకూ ఒక కుర్చీ ఉంది. ఇద్దరూ మర్యాదస్తులే. నాకు కుర్చీ వేయించారు, కొబ్బరి నీళ్ళు ఇప్పించారు. భార్గవి గ్యాసు పరీక్ష చేయించిన సంగతీ, పొయ్యిలో అది ఇంట్లో సిలిండర్ గ్యాసంత శుభ్రంగానూ మండుతుందన్న సంగతీ ఓపిగ్గా చెప్పింది. జ్ఞానరత్నంగారు అంతా విని, "సైన్సు నేనూ చదువుకున్నానమ్మా. కానీ ప్రార్థన చేసి తినే అన్నం. అది అపవిత్రమైనదాని మీద ఉడికిందంటే మనసొప్పదు" అన్నారు. "పేదపిల్లలు కదా ఏదైనా పెట్టేయొచ్చనుకున్నారా అని రేపు నలుగురూ మమ్మల్నే అంటారండి" అని సూర్రావుగారు అందుకున్నారు.

"మీ ఇళ్ళల్లో సెప్టిక్ ట్యాంకులు తోడించినప్పుడు అది ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా అడిగారాండీ?" అన్నాను. యార్డు వచ్చాక ఇక్కడికే వస్తోందన్నారు. అంతకుముందో అన్నాను. ఆ జవాబూ నేనే చెప్పాను. "కాలువలోకే కదండీ. ఆ నీళ్ళు తాగడానికి మనసొప్పింది. ఆ నీళ్ళతోనే కదా ఇన్నాళ్ళూ అన్నం వండుకున్నాం! నీళ్ళలో కలిస్తే పవిత్రం, మంటగా మారితే అపవిత్రమా? మంటలో ఏ క్రిమి బతుకుతుందండీ?" అని గట్టిగానే అడిగాను. ఆ తర్వాత సూర్రావుగారి వైపు తిరిగి, యార్డు ఎరువు ఎవరు తీసుకుంటున్నారని అడిగాను. భార్గవి తల వంచుకుంది. ఎక్కువ లోడ్లు ఆయన కొబ్బరితోటకే వెళ్తున్నాయని నాకు అప్పటికే చెప్పింది. "ఎరువంటే వేరండి" అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా. "అది భూమికండి. ఇది నోటికి." కొబ్బరికాయ నోటికి కాకపోతే దేనికో! నేను ఇంకేదో అనబోతే జ్ఞానరత్నంగారు చెయ్యెత్తి, "మీరు బయటినుంచి వచ్చారమ్మా. సాయంత్రానికి వెళ్ళిపోతారు. మేమిక్కడ ఉండాలి" అన్నారు. ఆ మాటతో నా నాలుగు ముక్కలూ అక్కడితో ఆగిపోయాయి.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి, "ఇవాళ పొయ్యి ఎలిగించలేదండి" అని వినిపించింది. హాస్టలు వంటమనిషి కరుణమ్మ. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంది. మాట మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. కాకినాడ పెద్దాసుపత్రిలో డాక్టరు పొగ దగ్గరికి వెళ్ళొద్దన్నాడనీ, గ్యాసు ఉన్నన్నాళ్ళూ దగ్గు తగ్గి రాత్రుళ్ళు పడుకోగలిగిందనీ, తాళం పడ్డాక మళ్ళీ మొదటికొచ్చిందనీ భార్గవి నా చెవిలో చెప్పింది. "అదేంటి కరుణమ్మా, పిల్లలు ఆకలితో ఉన్నారు కదా!" అన్నారు జ్ఞానరత్నంగారు. "ఉన్నారండి. మీ మీటింగు వంటింట్లో పెట్టుకోండయ్యగారూ. మీరు మాట్లాడుతూ ఉండండి, నేను మీ ముందే ఎలిగించి వండేస్తాను" అంది కరుణమ్మ. గొంతు పెంచలేదు. కానీ గుమ్మంలోంచి పక్కకు కూడా జరగలేదు. పిల్లలందరూ వరండాలో లేచి నిలబడి చూస్తున్నారు. కాదనడానికి ఆ పెద్దమనుషులకు వీల్లేకపోయింది.

వంటింటికి ఒకే కిటికీ. గోడలు నల్లగా మసిబారిపోయి ఉన్నాయి. మూలన ఇనుప స్టాండు మీద, తాళం వేసిన పైపుకు తగిలించి ఉన్న గ్యాసు పొయ్యి మాత్రం తళతళా మెరుస్తోంది. వాడకపోయినా ఆవిడ దాన్ని రోజూ తుడుస్తోందట. పెద్దలిద్దరికీ రెండు స్టూళ్ళు వేసి, కరుణమ్మ కట్టెల పొయ్యిలో తడికట్టెలు పేర్చి నిప్పు ముట్టించింది. ముందు తెల్లగా, ఆ వెంటనే పచ్చటి పొగ గదంతా కమ్ముకుంది. నాకు కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. సూర్రావుగారు తువాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందు లేచారు. జ్ఞానరత్నంగారు కాసేపు పట్టుదలగా కూర్చున్నారు గానీ, ఆయనా తడుముకుంటూ బయటికి వచ్చేశారు. కరుణమ్మ లోపల దగ్గుతూ గొట్టంతో ఊదుతూనే ఉంది. ఆవిడ్ని బయటికి రమ్మని ఎవరూ అనలేదు. చివరికి భార్గవి వెళ్ళి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

జ్ఞానరత్నంగారు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత తీర్పు చెప్పారు. "సరే. పిల్లల స్నానాలకి నీళ్ళు కాగబెట్టడానికి గ్యాసు వాడుకోండి. దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. వంటకి మాత్రం కట్టెలే. ఎండు కట్టెలు నేనే తెప్పిస్తాను." సూర్రావుగారు తలూపారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒంటికి పనికొచ్చే వేడి కడుపుకు పనికిరాదట! భార్గవి ముఖం పాలిపోయింది. కానీ కరుణమ్మ కొంగుతో నోరు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"అయితే నీళ్ళు కాగబెట్టుకోవచ్చాండీ?"

"ఆ, కాగబెట్టుకో."

"ఎసరు కూడా నీళ్ళేనండి."

వరండాలో ఒక పిల్ల కిసుక్కుమంది. జ్ఞానరత్నంగారు హెడ్మాస్టరుగా ఎంతమంది పిల్లల అల్లరి జవాబులు విన్నారో గానీ, ఈ జవాబుకు మాత్రం ఆయన దగ్గర బెత్తం లేదు. జేబులోంచి తాళం చెవి తీసి, ఎవరి చేతికీ ఇవ్వకుండా అరుగు మీద పెట్టారు. కరుణమ్మ తీసుకుంది. తాళం తీసి, వాల్వు తిప్పి, పొయ్యి వెలిగించింది. నీలం మంట గిన్నె అడుగంతా పరుచుకుంది. ఎసరు మరిగాక కడిగిన బియ్యం అందులోనే పోసింది. దించి కట్టెల మీద పెట్టమని చెప్పడానికి పెద్దలెవరూ దగ్గర్లో లేరు. ఇద్దరూ ఇళ్ళల్లో భోజనాలు ఎదురుచూస్తున్నాయని వెళ్ళిపోయారు. సూర్రావుగారు మాత్రం గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "బుధవారం ట్రాక్టరు పంపిస్తాను భార్గవమ్మా, ఎరువు సిద్ధం చేసి ఉంచు" అని మరీ వెళ్ళారు.

పప్పూ కోడిగుడ్ల పులుసూ మాత్రం కట్టెల మీదే ఉడికాయి. అంతటితో పేచీ పెంచడం కరుణమ్మకూ ఇష్టం లేదు. మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలతో పాటు బంతిలో కూర్చుని తిన్నాను. మూడింటికి నూకరాజు రామచంద్రపురం బస్టాండులో దింపాడు. అక్కడి నుంచి మండపేట, ద్వారపూడి మీదుగా రాజమండ్రికి బస్సులు బాగానే ఉంటాయి, గంటన్నర పడుతుంది. పోయిన వారం భార్గవికి ఫోన్ చేశాను. అన్నం గ్యాసు మీదే ఉడుకుతోందట, కూరలు ఇంకా కట్టెల మీదేనట. కరుణమ్మ దగ్గు సగం తగ్గిందట. యార్డు మూలన మంట చిన్నదైంది గానీ ఆరిపోలేదు.

ఆ రోజు తిరిగొచ్చే దారి పొడవునా ఒకటే ఆలోచన. మన కాలువల్ని పాడుచేస్తున్నది మన ఇళ్ళ నుంచి వెళ్ళిందే. దాన్ని బండి నడిపే ఇంధనంగా, వండే వేడిగా, కొబ్బరిచెట్టుకు బలంగా మార్చగలిగినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. వాళ్ళ చేతులు కట్టేస్తున్నది డబ్బు లేకపోవడమో యంత్రం రాకపోవడమో కాదు, మన ముక్కు మూసుకునే అలవాటు. అసహ్యం ఒకరిది, పొగ ఇంకొకరిది. అసహ్యపడేవాళ్ళు ఎప్పుడూ పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళు కాకపోవడమే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. కూర ఉడకడానికి కూడా ఒక తెలివైన మాట దొరికేదాకా కరుణమ్మలాంటి వాళ్ళు దగ్గుతూనే ఉండాలా? ఇంత చిన్న న్యాయానికి ఇంత చమత్కారం ఎందుకు కావాలి?

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. యార్డు చూడడానికి చాలామంది వస్తున్నారట, ఫొటోలు తీసుకుని, మెచ్చుకుని, హాస్టల్లో భోజనానికి పిలిస్తే 'ఇవాళ ఉపవాసమండి' అని జారుకుంటున్నారట. కాబట్టి ముందే ఫోన్ చేసి, మీకూ కలిపి బియ్యం పొయ్యమని చెప్పండి. ఉపవాసం ఉన్న రోజున మాత్రం వెళ్ళకండి.